వాన పడిన ఏటి కరువు

అనంతపురం, 14-2-82

నాయనకు ఓబులమ్మ నమస్కారాలు. నేను బాగున్నాను, హాస్టల్ తిండి గురించి దిగులు పడొద్దు.

కాలేజీ పరీక్షలో 'మన జిల్లా కరువుకు వానలు లేకపోవడమే కారణమా? చర్చించుము' అని అడిగారు. అవును, వానలు లేకనే అని గైడులో ఉన్నది ఉన్నట్టు రెండు పేజీలు నింపాను. మార్కులు సరిగా రాలేదు. సారు అందరి ముందర నిలబెట్టి, "ఏమ్మా, ప్రశ్నలో ఉన్నదంతా నమ్మేస్తావా? వాన పడిన ఏడు మీ ఊర్లో కరువే రాలేదా?" అన్నాడు.

నాకు పోయినేడు గుర్తొచ్చింది. వాన బాగానే పడింది. కానీ శెనక్కాయ చెట్లు పీకే ముందు ముసురు పట్టుకుని, కాయలన్నీ భూమిలోనే మొలకెత్తాయి. మనం గొర్రెలు అమ్ముకున్నాం. ఈసారి ఆ సంగతి రాస్తే మార్కులు వస్తాయా, ఉన్నవి పోతాయా? సారును అడిగితే, "నువ్వే ఆలోచన చెయ్" అని వెళ్ళిపోయాడు. ఆలోచించే కొద్దీ తల తిరుగుతోంది.

అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? నల్లమేక ఈనిందా? ముదిగుబ్బ నుంచి ఎవరైనా వస్తుంటే అన్నంలోకి ఊరిబిండి పచ్చడి పంపు. అమ్మను అడిగానని చెప్పు.

జాగా లేక అంచున రాస్తున్నాను. ఆ ఏడు అవ్వ "ఒక్క చేన్లోనన్నా కొర్ర వెయ్ రా" అంటే నువ్వు వినలేదు, అంతా శెనక్కాయే విత్తావు. మరి మనల్ని ముంచింది వానేనా నాయనా?

పోస్టు గోవిందప్ప మామా, ఈ చివరి ముక్క నాయనకు మాత్రం మెల్లగా చదివి వినిపించు. అవ్వ చెవిన పడనీయొద్దు.