ఎవరూ కాపలా రాని ఓడ

1987, జూలై 17, శుక్రవారం

సెలవు రోజున కూడా ఓడలు బాగుచేసే డాక్‌కి పిలిచారు. తాళ్ళకు వేలాడే పలక మీద కూర్చుని, కువైట్ చమురు ఓడ వెనక పాత పేరు చెరిపి కొత్త పేరు రాస్తున్నాను. దాని కింద, ఓడ సొంత రేవు ఇదేనంటూ, అమెరికా ఊరి పేరు. ఆ ఊరిని ఈ ఓడ చూడలేదు, నేనూ చూడలేదు. ఇరానూ ఇరాకూ కొట్టుకుంటూ దారిన పోయే ఓడలను కాలుస్తున్నాయి కదా — ఓడకి అమెరికా జెండా కడితే అమెరికా యుద్ధనౌకలు పక్కనే కాపలా వస్తాయట.

జూలై 18

కాపలాకి కువైట్ వాళ్ళు అమెరికానీ రష్యానీ ఇద్దరినీ అడిగారట. రష్యా సరే అని తన ఓడలు అద్దెకిచ్చిందట. అది తెలిసి అమెరికా ఉరుకుతూ వచ్చిందట. మా జగిత్యాలలో ఎదురెదురు బట్టల దుకాణాల వాళ్ళు ఒకే గిరాకీని చెరో చెయ్యి పట్టి లాగేవాళ్ళు. ఆ రెండు బోర్డులూ నేనే రాశాను.

జూలై 20

తప్పు చేశాను. రాత మొదలుపెట్టే ముందు ఓ మూలన సుద్దతో శ్రీ రాయడం బోర్డుల కాలం నాటి అలవాటు. పని అయ్యాక తుడిచేస్తాను. నిన్న మరిచాను. తనిఖీకి వచ్చిన అమెరికా అధికారి దాన్ని ఫోటో తీశాడు. రష్యా అక్షరమా అని అడిగాడట.

ఫోర్‌మన్ ఖాన్ సాబ్ నవ్వలేదు. ఇంకోసారి కనిపిస్తే ఖలాస్, ఇంటికి టికెట్ చేతిలో పెడతానన్నాడు.

జూలై 24

ప్రకాశం వచ్చాడు, చేపల పులుసు తెచ్చాడు. కాకినాడవాడు, ఓడలో వంటవాడు. వాళ్ళ ఓడ ఇంజను మరమ్మతుకు మా డాక్‌లోనే ఉంది. ఇక్కడ నాతో తెలుగు మాట్లాడేది ఇతనొక్కడే. వాళ్ళది పనామా జెండా. పనామా ఎక్కడుందో అతనికీ తెలియదు. దాని వెంట ఏ యుద్ధనౌకా రాదు.

శ్రీ సంగతి చెబితే పడీ పడీ నవ్వాడు. తర్వాత...

"మా ఓడకీ రాసెయ్ అన్నయ్యా. అమెరికావోడూ రాడు, రష్యావోడూ రాడు. మీ దేవుడైనా వత్తాడేమో."

"నువ్వు చర్చికి పోయెటోనివి గదా తమ్మీ."

"నీళ్ళల్లో మందుపాతరలకి ఆ తేడా తెలీదులే, ఆయ్."

నౌకరీ పోతుంది, రాయనన్నాను. సరే అన్నాడు. పులుసు గిన్నె కడిగి పట్టుకుపోయాడు.

జూలై 25

నిద్ర లేదు. పొద్దున్నే జేబులో సుద్దముక్క వేసుకుని వెళ్ళాను. రాసేద్దామనే. అక్కడ నీళ్ళే ఉన్నాయి. తెల్లవారకముందే ఓడ వెళ్ళిపోయింది.

ఆగస్టు 7, శుక్రవారం

ఎవరూ రాలేదు. చాలాసేపటికి గమనించాను — ఇవాళ ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆగస్టు 19

ఇంకో ఓడకి అమెరికా ఊరి పేరు. రష్యా ఎర్రజెండా ఓడ ఒకటి దూరంగా లంగరేసి ఉంది. ఎవరి మందని వాళ్ళు కాసుకుంటున్నారు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్టు అంటారు మా ఊళ్ళో.

సెప్టెంబరు 3

ప్రకాశం గొంతు వినాలని ఉంది. మాట్లాడకపోయినా సరే, పక్కన కూర్చుంటే చాలు.

సెప్టెంబరు 11

మందుపాతర తగిలిన ఓడను రేపు మా డాక్‌కి లాక్కొస్తున్నారు. ప్రకాశం వాళ్ళ ఓడలాగే పనామా జెండాదే. అందులో మనుషులు? ఖాన్ సాబ్‌కి తెలియదు. పేరు?

"నామ్ పూఛ్‌కే క్యా కరేగా?"

పేరుతో నీకేం పని అంటాడు. ఓడను అప్పుడే అమ్మేశారట. ఆ పేరు రేపు నేనే చెరపాలట.

నాకు ఆ పలక ఎక్కాలని లేదు. ఎక్కకపోతే ఇంకెవరో చెరిపేస్తారు, నేను చదవకుండానే.