మన ఇంటిపేరులో ఎత్వం

నాయినా,

నువ్వు పోయి పదకొండు నెలలైంది. అక్కడ ఎట్లా ఉన్నావని అడగను. నీ మీద కోపంగా ఉన్నాను, ముందు అది విను.

మన ఇంటిపేరు చెలమల. ఊరు చెలమలగుంపు. ఎండాకాలం వాగు ఎండిపోతే ఇసుకలో చేతులతో గుంట తవ్వి నీళ్లు తీసుకుంటామే, ఆ చెలమ. ఏటా మొదటి చెలమ మన ఇంటివాళ్లే తవ్వాలి, ఆ తరవాతే గుంపులో మిగతావాళ్లు. అందుకే మనకా పేరు. ఈ సంగతి నాకు చెప్పింది నువ్వే. మరి బడిలో ఎందుకు చెప్పలేదు?

ఒకటో తరగతిలో చేర్చిన రోజు సారు రిజిస్టర్లో ‘చలమల’ అని రాశాడు. చదివి వినిపించాడు కూడా. నువ్వు నవ్వి వేలిముద్ర వేశావు. ఇంటికొచ్చాక అమ్మ గొణిగితే, “ఒక్క అక్షరానికి గింత లొల్లి ఏందే? గట్ల రాస్తే వాగు ఎండుతదా?” అన్నావు. వాగు సంగతేమో గాని, నేను ఎండిపోయాను నాయినా.

ఎత్వం పోయిన ఆ పేరే ఆధార్‌లోకి ఎక్కింది, రేషన్ కార్డులోకి ఎక్కింది. రోడ్డు మీద ఊరి బోర్డు కూడా ‘చలమలగుంపు’ అయి కూర్చుంది. నువ్వు రోజూ దాని కిందే బస్సెక్కావు... ఒక్కనాడైనా నోరు విప్పావా?

ఇప్పుడేమైందో తెలుసా? ఏన్కూరు దిక్కు ఒక దవాఖానాలో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. కులం సర్టిఫికెట్ ఇస్తేనే చేర్చుకుంటారు, గడువు పది రోజులు. సర్టిఫికెట్ కోసం పోతే తహసీల్దారు ఆఫీసులో సారు నా కాగితాలు చూసి మొహం అదోలా పెట్టాడు. చలమల అంటే కోస్తా నుంచి వచ్చిన ఆసాముల ఇంటిపేరట. కోయవాళ్లకు ఆ పేరెక్కడిదని అడిగాడు. దొంగను చూసినట్టు చూశాడు నన్ను! పుట్టిన అడివి పక్కనే, నేను కోయపిల్లనని నేనే రుజువు చేసుకోవాలట. ఒళ్లు మండిపోయింది. సగం ఆయన మీద, సగం నీ మీద.

విచారణకు ఊరికొచ్చాడు. మన పేరు చెలమ నుంచి వచ్చిందంటే, అదేమిటన్నాడు. ఎంత చెప్పినా అర్థం కాలేదు... పట్నం మనిషి. విసుగొచ్చి వాగులోకి తీసుకెళ్లాను. నువ్వు లేవని ఈ ఏడు ఇంకా ఎవరూ తవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని తవ్వాను. గోళ్లలోకి ఇసుక పోయింది. నీళ్లు ఊరగానే ఆయన దోసిలి చాపాడు, ఆపాను. “మొదటి నీళ్లు మురికివి బిడ్డా, తోడి పారబొయ్యాలె. మళ్ల ఊరినయి పసిపిల్లలకు గూడ పట్టొచ్చు.” నువ్వు నాకు చెప్పిన మాటే ఆయనకు చెప్పాను. మళ్లీ ఊరినవి తాగాడు. తాగి, అక్కడే నిలబడి విచారణ కాగితం రాశాడు.

సర్టిఫికెట్ వచ్చింది. దాని మీద ఏముందో చెప్పనా? చలమల! ఎత్వం పెట్టాలంటే పదో తరగతి మెమో నుంచి అన్నీ మార్చాలట, నెలలు పడుతుందట. గడువు చూస్తే ఇంకా రెండు రోజులే. తీసుకున్నట్టు సంతకం పెట్టమన్నారు.

పెట్టాను.

నువ్వు చదువు రాక వేలిముద్ర వేశావు. నేను ఇంత చదివి, తెలిసి మరీ సంతకం పెట్టాను. ఇన్నాళ్లూ నిన్ను తిట్టిన నోటితో ఇప్పుడు ఎవర్ని తిట్టాలి? ఆ రోజు నీకూ ఇట్లాగే ఉండిందా? ఎదురు మాట్లాడితే పిల్లను చేర్చుకోరేమోనని నవ్వావా? నీ ఆఖరి రోజు, దవాఖానాలో నర్సు చీటీ చూసి ‘చలమల’ అని పిలిస్తే నువ్వు పలకలేదు. వినపడలేదనుకున్నాను... వినపడిందా నాయినా?

సోమవారం నుంచి డ్యూటీ. కాన్పుల రిజిస్టర్ నేనే రాయాలట. ఏ బిడ్డ పుట్టినా ఇంటిపేరు తల్లి నోటితో పలికిస్తాను. రాసింది చదివి వినిపిస్తాను. నవ్వి ఊరుకుంటే ఒప్పుకోను, మళ్లీ అడుగుతాను. ఆమె అవ్ అన్నాకే పేజీ తిప్పుతాను.

నీ బిడ్డ,
చెలమల సమ్మక్క
(చూసుకో, ఎత్వం పెట్టాను.)