కుడివైపు మొలిచిన మాట

కువైట్,
ఫిబ్రవరి

ప్రియమైన ప్రిస్కిల్లా నాన్నగారికి,

మీరూ, పాపా, మీ అక్క రెబెక్కా వదినా క్షేమమని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేంటి అనుకోకండి. శుక్రవారం మేడమ్ ఫోనిచ్చే ఆ కాసేపూ పాప మీ ఒళ్ళోనే ఉంటుంది. దాని ముందే దాని తల కోసే మాట ఎలా మాట్లాడేది? చిట్టియ్య గారి కోడలు ఊరికొస్తుంటే ఇది రాసి ఇస్తున్నాను. మీరూ ఇటొచ్చే వాళ్ళెవరికైనా ఇచ్చి పంపండి.

మొన్న పాపని వరండాలోకి పంపేసి మీరు గబగబా చెప్పిందంతా విన్నాను. మూర్ఛలు ఆగాలంటే మెదడులో ఎడమ సగాన్ని కుడి సగం నుంచి తెంచేయాలనీ, మాట ఉండేది ఆ ఎడమవైపేననీ, కాబట్టి మాట పోతుందనీ. మాట పోయినా పిల్ల మిగులుతుందిగా అన్నారు. అనడానికి మీకేం, రోజూ వింటున్నారు. నేను వదిలొచ్చినప్పుడు దానికి మూడేళ్ళు, ఇప్పుడు ఏడు. అది ఎదురుగా కూర్చుని అమ్మా అని పిలుస్తుంటే ఒక్కసారి వినాలి నేను. ఈ డిసెంబరుతో అగ్రిమెంటు అయిపోతుంది. పాస్‌పోర్టు సార్ దగ్గరుంది, ముందడిగితే ఇవ్వరు. అప్పటిదాకా ఆగండి. నేనొప్పుకోను.

మీ దేవకుమారి

నరసాపురం,
మార్చి

ప్రియమైన కుమారికి,

నీ కోపమంతా అందింది. గోదావరి దాటించే పంటు మీద టిక్కెట్లు కొడుతూ, సఖినేటిపల్లి ఒడ్డు వచ్చేదాకా నీ ఉత్తరమే చదువుకున్నాను. టిక్కెట్టు కొట్టకుండానే ఒక లారీని దింపేసి చీవాట్లు తిన్నాను.

డాక్టరమ్మ గారిని మళ్ళీ కలిశాను. నా బుర్రకి ఎక్కేలా చెప్పండి అని అడిగాను. చిన్నపిల్లల మెదడులో అవసరానికి మించి తీగెలు అల్లుకుని ఉంటాయట. రోజూ వాడేవి గట్టిపడతాయి, వాడనివి మెల్లగా రాలిపోతాయి. ఇదంతా పదేళ్ళు దాటాక కూడా సాగుతుందట. మంచీ చెడ్డా ఆలోచించే ముందుభాగం అన్నిటికంటే ఆఖర్న తయారవుతుందట. ఏడేళ్ళకి మెదడు ఇంకా పచ్చిగానే ఉంటుంది కాబట్టి, ఎడమవైపు పోయినా మాట కుడివైపున మళ్ళీ మొలుస్తుందన్నారు. పన్నెండు, పదమూడు వచ్చేసరికి ఆ వీలు బాగా తగ్గిపోతుందట. "ఇప్పుడైతే నాకు నమ్మకముంది. ఆగితే నేనేం చెప్పలేనండి" అన్నారు.

పైగా ఎడమవైపు పుట్టే ప్రతి మూర్ఛా బాగున్న కుడివైపుని కూడా పాడుచేస్తోందట. మొన్న పాప బడిలో పడిపోయింది. తేరుకున్నాక రెబెక్కక్కని గుర్తుపట్టడానికే చాలాసేపు పట్టింది. నువ్వు వద్దంటే చేయించను. కానీ ఇంకోసారి ఆలోచించి చెప్పు.

నీ రాజరత్నం

కువైట్,
ఏప్రిల్

ప్రియమైన మీకు,

చేయించండి.

ఏడుద్దామనుకున్నాను, రాలేదు. ఇస్త్రీ చేస్తుంటే వేలు కాలింది. మేడమ్ చూసి అరిచేదాకా నాకు తెలీనే లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మేడమ్ గారి చిన్నవాడిని చంకలో వేసుకునే ఇది రాస్తున్నాను. వాడికి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. నన్ను చూస్తే "పాలు" అంటాడు, తెలుగులోనే.

ఒక్కటే అడుగుతాను. మాటలన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్పాలి కదా. అన్నిటికంటే ముందు అమ్మ అన్న మాట నేర్పండి. నీలం చీరలో ఉన్న నా ఫొటో చూపించి నేర్పండి. రోజూ చూపించండి. మిగతావన్నీ తర్వాత.

దేవకుమారి

నరసాపురం,
ఆగస్టు

ప్రియమైన కుమారికి,

ఆపరేషను అయ్యాక పాప ఒక్కసారి కూడా పడిపోలేదు. కుంటుతూ నడుస్తోంది. కుడిచెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు. మాట లేదు. మనం చెప్పేది కొంత తెలుస్తోంది, కావాల్సింది ఎడమచేత్తో చూపిస్తుంది. శుక్రవారం నీ గొంతు వినిపిస్తే ఫోనుని అటూ ఇటూ తిప్పి చూస్తుంది.

నువ్వన్నట్టే చేస్తున్నాం. నేను పంటు దిగి రాగానే పాఠం మొదలు. అక్క లేసు పని పక్కనపెట్టి, నీ ఫొటో పట్టుకుని పాప ఎదురుగా కూర్చుంటుంది. నేను పక్కన కూర్చుని అమ్మ, అమ్మ అంటాను. నేను లేనప్పుడు ఫొటో పట్టుకునేదీ అక్కే, అనేదీ అక్కే. వీధిలో పోయేవాళ్ళు మాకు పిచ్చెక్కిందనుకుంటున్నారు.

మూర్ఛలు ఆగాయి కదా, సంతోషం రావాలి. రావడం లేదు కుమారీ. లోపల ఏదీ కదలడం లేదు.

నీ రాజరత్నం

కువైట్,
అక్టోబరు

ప్రియమైన ప్రిస్కిల్లా నాన్నగారికి,

పోయిన శుక్రవారం మీ వెనకాల పాప గొంతు విన్నాను. ఏదో అంది. ఫోనివ్వమంటే నిద్రపోతోందన్నారు. మీకు అబద్ధం చెప్పడం పెళ్ళికి ముందు నుంచీ చేతకాదు. మాట వచ్చిందా? వస్తే నా దగ్గరెందుకు దాస్తున్నారు? ఉన్నదున్నట్టు రాయండి.

దేవకుమారి

నరసాపురం,
నవంబరు

ప్రియమైన కుమారికి,

మాట వచ్చింది. నువ్వడిగిన మాటే మొదట వచ్చింది.

ఆ రోజు అక్క వరండాలో లేసు అల్లుకుంటోంది. దొర్లిపోయిన దారపు ఉండని పాప తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి "అమ్మ" అంది. అక్క చేతిలో సూది ఆగిపోయింది. "నేను అత్తని పాపా" అని చెప్పింది. పాప మళ్ళీ అమ్మ అంది. నేను పరిగెత్తి నీ ఫొటో తెచ్చి చూపించాను. అది ఫొటో తీసుకుని, తిన్నగా వెళ్ళి అక్క చేతిలో పెట్టి, మళ్ళీ "అమ్మ" అంది.

మాకప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఫొటోని చూపిస్తున్నామని మేమనుకున్నాం. పాప మాత్రం ఫొటో పట్టుకున్న మనిషినే చూసింది.

అక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పాలకొల్లు వెళ్ళిపోతానని సంచి సర్దుకుంది. కొన్నాళ్ళు తను కంటికి కనపడకపోతే ఆ పిలుపు మరిచిపోతుందంటోంది. మాట ఇంకా లేతగా ఉంది కాబట్టి సరిదిద్దొచ్చు, కానీ బెదరగొట్టొద్దని డాక్టరమ్మ గారన్నారు. ఏం చెయ్యమంటావు? నువ్వేదంటే అదే.

రాజరత్నం

కువైట్,
డిసెంబరు

ప్రియమైన ప్రిస్కిల్లా నాన్నగారికి,

సార్ పాస్‌పోర్టు చేతికిచ్చారు. ఈ ఉత్తరం నాకంటే కొంచెం ముందు చేరుతుందంతే.

మీరు రాసింది చదివి అంట్లు తోమాను. బట్టలు మడతపెట్టాను. ఏమీ అనిపించలేదు. అప్పుడు మేడమ్ గారి చిన్నవాడొచ్చి నా కాళ్ళు వాటేసుకున్నాడు. మీకు రాయలేదు గానీ, వాడు నన్ను మామా అంటాడు. వాళ్ళ భాషలో అమ్మ అని. నేను నేర్పలేదు. మేడమ్ విన్నరోజు గట్టిగా కసిరింది. భయమేసి నేను కూడా వాడి నోరు మూశాను. తర్వాత చాలారోజులు వాడు పెదవి విప్పలేదు. పాలు అని కూడా అడగలేదు. వాడిని ఎత్తుకుని గదంతా తిరుగుతూ ఎంత బతిమాలానో నాకే తెలుసు.

మన పాపకి ఉన్నది ఒక్క మాట. దాన్ని తప్పనకండి. వదినని సంచి విప్పుకోమనండి. ఆవిడ ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు, నేనొచ్చాక కూడా. నా ఫొటో బీరువాలో పెట్టేయండి.

నేనొచ్చి పాప ఎదురుగా కూర్చుంటాను. వదిన నన్ను చూపించి అత్త అని చెప్పాలి. ఇది రాస్తుంటే ఏడుపొచ్చింది, ఏప్రిల్ నుంచి రానిది. కాగితం తడిసింది, ఏమనుకోకండి. మీరేగా రాశారు, రోజూ వాడేది గట్టిపడుతుందని. పాపకి పన్నెండు వచ్చేదాకా, ఆ తర్వాత కూడా, నేను రోజూ అక్కడే కూర్చుంటాను. ఏ పిలుపు వస్తే దానికే పలుకుతాను.

ఇట్లు,
ప్రిస్కిల్లా అత్త,
దేవకుమారి