స్కాన్‌కు చోటు లేదు

బుధవారం, తిరుత్తణి

నేను చూసుకునే ఆసుపత్రి సర్వర్‌లో డిస్క్ నిండిపోతోందని నెల నుంచీ మొత్తుకుంటున్నాను. డేటాబేస్ ఎలా పెరుగుతోందో చూపించినా మేనేజర్‌ది ఒకటే మాట: "చూస్తాంలేమ్మా." ఈరోజు పూర్తిగా నిండింది. కనకమ్మ సత్రం అనే ఊరి నుంచి వచ్చిన గర్భిణి స్కాన్ సేవ్ కాలేదు. మళ్లీ తీయాలనగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డకేమన్నా అయిందా అక్కా? దాచొద్దు."

"బిడ్డ బాగుండాదనే డాక్టరమ్మ చెప్పిందమ్మా. మా కంప్యూటర్లోనే చోటు లేదు."

నమ్మలేదు. నేను పనికిరాని ఫైళ్లు తీసేసి కాస్త చోటు చేసేదాకా ఏడుస్తూనే కూర్చుంది. రెండో స్కాన్‌లో బిడ్డ గుండె చప్పుడు విన్నాకే కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం కొత్త డిస్క్ అడిగితే, "పాత స్కాన్లు తుడిచెయ్యిమ్మా, సరిపోతాది" అన్నాడు మేనేజర్.

"ఎవరివి తుడిచేది సార్?"

ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు. నేను తుడవను. కానీ ఇవాళ చేసిన చోటు రేపు మధ్యాహ్నం దాకా కూడా రాదు...