పాట నడుమ నుంచి వెతికే గడి

కూర్మన్నపాలెం

అక్కయ్య పాదాలకు నమస్కరించి చెల్లెలు జానకి రాసేది. స్వామి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారు మందులు వేళకు వేసుకుంటున్నారా?

ఇక్కడికి వచ్చి ఏడాదైనా ఈ ఊరికి నేనింకా కొత్తే. పొద్దున్నే తులసి ఆకుల మీద దుమ్ము కడిగితేగాని దీపం పెట్టబుద్ధి కాదు. అబ్బాయికి ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు. పగలు పడుకుంటాడని ఇంట్లో గొంతు తగ్గించే మాట్లాడుకుంటాం. ఊసుపోక నేను సన్నగా పాడుకునే పాటలన్నీ కోడలు పద్మ టైపు చేసి, కంప్యూటర్లో సొంతంగా పెట్టుకున్న సైటులో ఉంచుతోంది. నా గురించి దిగులు పడకు, బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం అందింది. నీ అప్పగింతల్లో అమ్మ పాడిన పాటే మనవరాలి పెళ్లిలో పాడాలనుందని, “గూడు మారినా చిలకా గొంతు మారదు నీకు” అన్న ఒక్క ముక్కే గుర్తుందని రాశావు. దొరక్కపోతే మీ ఆడపడుచు క్యాసెట్ పెట్టించేస్తానంటోందటగా. నాకు వచ్చిన అప్పగింతల పాటలన్నీ మొదటినుంచీ పాడి చూశాను. ఎందులోనూ లేదు. మనకు పాట మొదలు అందితేగాని నడుమ అందదు కదా.

నా అవస్థ చూసి పద్మ, “ఉండత్తా, సైటులో ఎతకడానికి ఒక గడి పెడతాను” అని ఆదివారమంతా కూర్చుంది. నువ్వు రాసిన ముక్కంతా గడిలో కొట్టింది. ఏమీ రాలేదు. నా ప్రాణం ఉసూరుమంది.

“అంత పొడుగొద్దు. ఒక్క మాట సెప్పు, సాలు” అంది.

చిలక అన్నాను. సగం పాటలు వచ్చి కూర్చున్నాయి.

“మీ ఊళ్లో సిలకలు తప్ప కాకుల్లేవేటత్తా?” అని ఒకటే నవ్వు.

గూడు అన్నాను. రెప్ప వాల్చేలోగా ఒకే ఒక్క పాట వచ్చింది. ఏడాదిగా నేను పాడినవన్నీ ఆ క్షణంలో ఎవరో తడిమి చూసినట్టు ఒళ్లు గగుర్పొడిచింది. స్తోత్రం మరిచి ఒక్క మాటే అన్నా స్వామికి అందుతుందని పెద్దలంటే వినడమే. ఎలా అందుతుందో ఆ గడి చూశాక కాస్త తెలిసినట్టనిపించి, కంప్యూటర్ ముందు చేతులు జోడించాను. పద్మ ఈసారి నవ్వలేదు.

అది అప్పగింతల పాట కాదక్కా. అట్లతద్దికి నిన్ను ఉయ్యాల ఊపుతూ అమ్మ పాడేదే. “గూడు మారిన చిలక గొంతు మారేనా” అని చివరి చరణంలో ఉంది. నీ అప్పగింతల రోజు అమ్మకు నిన్ను పంపించే పాట నోట రాలేదేమో. అందరి ముందూ నిన్ను మళ్లీ ఉయ్యాలే ఊపింది.

పాటంతా వెనకవైపు రాశాను. క్యాసెట్ వద్దని చెప్పు. పిల్ల చెయ్యి పట్టుకుని నువ్వే పాడు. గొంతు పూడుకుపోతే నేను అందుకుంటాను, పక్కనే ఉంటాను.

బావగారికీ మీ ఆడపడుచుగారికీ నమస్కారాలు చెప్పు. పెళ్లికూతురికి అక్షింతలు వేసినంత దీవెన.

నీ ఆశీస్సులు కోరుకుంటూ,
జానకి