వీధి మలుపులో చప్పుడు

చిరంజీవి అమ్మడుకు,

ఆశీస్సులు. కారు నీ షెడ్డుకు చేరినట్లు లారీ డ్రైవరు చెప్పాడు. మా మామగారు, అంటే మీ తాతగారు, వైద్యం చేస్తూ ఊరంతా తిరిగిన కారు అది. మా పెళ్లయిన తరువాత నాకు అప్పగించారు, అప్పటికే టకటకలాడేది. ఇంజిన్ పట్టేసి మూలపడినప్పటినుండి ఇంట్లో ఏదో వెలితి. మీ అమ్మకు చూపు బొత్తిగా పోయిన సంగతి నీకు తెలిసినదే. వీధి మలుపులో ఆ టకటక వినబడగానే "మాస్టారొచ్చేశారు" అంటూ గేటు గడియ తీసేది. ఇప్పుడు నేను అలికిడి లేకుండా ఎదుట నిలబడితే ఉలిక్కిపడి "ఎవరూ?" అంటున్నది. ఆ మాట నేను భరించలేను. కనుక షరతు ఒక్కటే: ఏ భాగమూ మార్చరాదు, ఆ చప్పుడు పోరాదు.

కిందటి ఉత్తరంలో "వస్తా" అని వ్రాశావు. "వస్తాను" అనుటకు సిరా చాలలేదా?

నీ మేలుకోరే
నాన్న

ప్రియమైన నాన్నగారికి,

వస్తాను, చూస్తాను, రాస్తాను. చాలా?

ఇంజిన్ మొత్తం విప్పాను. పాఠంలా చెప్తాను, బెత్తం పక్కన పెట్టి వినండి. బ్లాకంటే ఇంజిన్‌కి మొండెం. పిస్టన్లు ఆడే ఎనిమిది గొట్టాలున్న పోత ఇనుప దిమ్మ. దానిమీద మూతల్లా కూర్చునే రెండూ హెడ్లు. ఊపిరి పీల్చడం, వదలడం వాటి పని.

మన హెడ్లు రెండూ పగిలాయి. అయస్కాంతం పెట్టి ఇనపపొడి చల్లితే పగుళ్లు వెంట్రుకల్లా తేలాయి. అతకడానికి లేదు. తర్వాత ఊపిరి బిగబట్టి బ్లాకుమీద చల్లాను. ఒక్క గీత కూడా లేదు నాన్నగారూ!

ఇక్కడి పెద్దమేస్త్రీ అల్యూమినియం బ్లాకు కొత్తది వేసెయ్యమంటాడు. తేలిక, దానికి తగ్గ హెడ్లూ దొరుకుతాయి. నాకు మనసొప్పడం లేదు. ఇన్నేళ్లు కాగి చల్లారి, కాగి చల్లారి, ఈ ఇనుము కుదురుకుంది. ఇక మెలి తిరగదు. గొట్టాలు కాస్త పెద్దవి చేసి కొత్త పిస్టన్లు వేస్తే చాలు. హెడ్లకి మాత్రం ఆ కాలంలోనే, అదే అచ్చులో పోసిన జత దొరికింది. వేరే కారువి.

ఇక ఆ టకటకంటారా, అది ఆ పాత హెడ్లలో వాల్వులు అరిగిన జబ్బు. మీరిన్నాళ్లూ దగ్గుని కీర్తన అనుకున్నారు.

మీ అమ్మడు

చిరంజీవి అమ్మడుకు,

తల ఒకరిది, మొండెం ఒకరిది తగిలించి "ఇదిగో మీ ఆయన" అని మీ అమ్మకు చూపుతావా? దగ్గే అనుకో. మనిషిని దగ్గుతో పోల్చుకోరా?

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. "దాని పని దాన్ని చెయ్యనివ్వండి. దానికీ మీరే పాఠం చెప్పాలా?" అన్నది. ఆవిడకేం, అనేస్తుంది. రేపు ఆ చప్పుడు రాక బిక్కమొహం వేసేదీ ఆవిడే.

బుధవారం బస్సులో వస్తున్నాను. నేను చూడనిదే ఒక్క బోల్టు బిగించవద్దు.

నీ మేలుకోరుతూనే కోపగించిన
నాన్న

ప్రియమైన నాన్నగారికి,

మీరొచ్చి వెళ్లాక ఒక్క ముక్కయినా రాయలేదు. ఇక్కడ కూడా ఒక్క తప్పూ పట్టలేదు, నా బోర్డుమీద అక్షరాలైనా దిద్దలేదు. "బిగించు" అనేసి బస్సెక్కారు. దానికంటే తిట్టినా బావుండేది.

బిగించాను. తాతయ్య బ్లాకు, పరాయి హెడ్లు. స్టార్టు చేసి కళ్లు మూసుకుని విన్నాను. అబద్ధం చెప్పను, టకటక లేదు. ఆదివారం మా డ్రైవరు తీసుకొస్తాడు. అమ్మ పోల్చుకోకపోతే ఆ కోపం నామీద చూపండి, కారుమీద వద్దు.

భయంతో
మీ అమ్మడు

చిరంజీవి అమ్మడుకు,

ఆనాడు నాది కోపం కాదు. కడిగిన ఆ దిమ్మ గొట్టంలోకి నీవు దీపం దింపావు. లోపలి గోడ నిలకడ నీటివలె మెరిసింది. ఇన్నేళ్లూ నా మోకాళ్లకు మూరెడు దూరంలో నిప్పులు కురిసిన చోటు అది! ఒక్కనాడూ దానిని తలచి ఎరుగను. ఆ పైన గాజుగొట్టంతో హెడ్డు గుంటల్లో నూనె పోసి, చుక్క హెచ్చుతగ్గులున్నా మళ్లీ అరగదీస్తూ, అన్నీ ఒకే కొలతకు తెచ్చావు. దానికొక విశేషణం వెతికాను. ఊళ్లో పిల్లలందరికీ మాటలు పంచినవాడికి ఒక్కటీ దొరకలేదు.

ఆదివారం మీ అమ్మ వరండాలో కూర్చుని ఉన్నది. కారు మలుపు తిరిగింది. టకటక లేదు. లోతుగా, మెత్తగా, నిండుకుండలో గాలి ఊదినట్లు ఒక్క గుబగుబ. మీ అమ్మ కదలలేదు. "మన కారేనే..." అని మొదలుపెట్టాను.

"ఉష్! ఉండండి," అన్నది.

లేచింది. గోడ తడుముకోకుండా నడిచింది. గేటు గడియ తీసి, బోనెట్ మీద రెండు చేతులూ ఆనించింది.

"ఇది మీ చప్పుడు కాదండీ. మీది దగ్గేది," అన్నది. "ఇది కారు కొత్తలోది. నేను గౌన్లేసుకునేటప్పటిది. నాన్న ఇంటికొస్తున్నారు."

అమ్మడూ, ఆ ఇనుములో అంత పాత రాక దాగి ఉన్నదని నాకేమి తెలుసు? నేను పెళ్లినాటికే ఆగిపోయాను. నీవు అంతకు వెనక్కు వెళ్లి తలుపు తీశావు. ఆవిడ పక్కన నేను పరాయివాడివలె చేతులు కట్టుకుని నిలబడ్డాను. మరి నేను వచ్చినట్లు ఆవిడకు ఇకమీదట ఎలా తెలుస్తుంది? అదే అడిగాను.

మీ అమ్మ నవ్వింది. "రోజూ దీంట్లోనే రండి మాస్టారూ. ఇద్దరూ వచ్చినట్టుంటుంది."

నీ ఉత్తరంలో రెండు తప్పులున్నవి. అలాగే ఉండనీ.

నీ చేతులు కళ్లకద్దుకునే
నాన్న