అమ్మకు రెండు పేర్లు

తమ్ముడు జీవానందానికి,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ అందరం బాగున్నామని రాయడం మన అలవాటు కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం చివరిదాకా చదివాక ఆ వాక్యం కొట్టేసుకో. ఫోన్లో చెబుదామంటే అమ్మ పక్కనే ఉంటుంది, అందుకే కాగితం పట్టాను.

రొయ్యల షెడ్డులో నాకింకా పని ఉందా అని అడిగావు. ఉంది. ఐసు నీళ్లలో పొద్దస్తమానం నిలబడి నా మోకాళ్లు కూడా అమ్మ మోకాళ్లలాగే తయారయ్యాయి.

మోకాళ్ల నొప్పుల మాత్ర మీద వేరువేరు చోట్ల జరిగిన పరీక్షలన్నీ కలిపి లెక్క తేల్చానని మురిసిపోతూ రాశావు. మన పాలెంలో జరిగిన రెండూ ఒకే మాట చెప్పాయట, దాంతో నీ లెక్కకు బలమొచ్చిందట. "ఒకరి మొహం ఒకరెరగని వాళ్లు ఒకే జవాబు తెచ్చారు, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలక్కా?" అన్నావు. చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది.

వచ్చినవాళ్లు వేరు గానీ, మోకాళ్లు అవే కదరా! మొదట చర్చి ఆస్పత్రి తరఫున వచ్చినవాళ్లకు మనవాళ్లు బాప్తిస్మం పేర్లు చెప్పారు. మరుసటి ఏడు టౌను నుంచి వచ్చినవాళ్లు ఆధార్ అడిగితే కార్డులో పేర్లు ఇచ్చారు. అక్కడ ఎలిశబెతు, ఇక్కడ ఇందిరమ్మ. ఇద్దరూ మన అమ్మే. పాలెంలో ఎవరికి లేవు రెండేసి పేర్లు? సర్టిఫికెట్టులో నువ్వు మధుబాబువి కాదూ? ఇక్కడ పుట్టి పెరిగినవాడికి ఆ మాత్రం తట్టలేదా?

ఇంకోటి విను. మొదటిసారి మాత్ర మింగి కాళ్లు వాచినవాళ్లు రెండోసారి ఆ ఛాయలకే పోలేదు. ఒంటికి పడినవాళ్లే మళ్లీ పోయారు. ఉష పిన్ని అయితే "నాకొద్దు నాయనా మీ మందు, సచ్చి బతికినాను" అని వాళ్లను గడప కూడా తొక్కనివ్వలేదు. ఆమెలాంటి వాళ్లందరినీ వదిలేస్తే ఫలితం బాగుండక ఏమవుతుంది?

అమ్మకు అప్పట్లో నొప్పి తగ్గిన మాట నిజం. రెండుచోట్లా అలాగే రాసుకున్నారు. వాళ్లు వెళ్లిపోయాక కూడా కొనుక్కుని మింగుతూనే ఉంది. పాదాలు వాచాయి, ఇక మానేయమ్మా అంటే, నువ్వు ముందే ఫోన్లో చెప్పిన మాట పట్టుకుని, "మా అబ్బయ్య మంచిదని తేల్చినాడు, వాడికంటే నీకు తెలుసా?" అని నా నోరు మూయించింది.

అమ్మ మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా అని అడిగావు. డాక్టరు మానిపించాడు. ఆ మాత్రే చేసిందన్నాడు. అమ్మ కిడ్నీలు రెండూ పోయాయిరా. నెల్లూరు తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నాను. నీకు చెప్పొద్దని నా చేయి బైబిలు మీద పెట్టించి ఒట్టు వేయించుకుంది. దేవుడు నన్ను క్షమించినా క్షమించకపోయినా ఇవాళ ఆ ఒట్టు తప్పుతున్నాను. ఎందుకంటే, నీ లెక్క చూపించి ఆ మాత్రను జిల్లా అంతా పంచబోతున్నారని షెడ్డులో అందరూ సంబరపడుతున్నారు. అది తప్పని నీ నోటితో నువ్వే చెప్పాలి. పరువు పోతే పోనీ.

మొదటిసారి డయాలసిస్‌కు వెళ్లిన రోజు నర్సు పేరడిగింది. అమ్మ నా చెవిలో ఏమందో తెలుసా? "ఏ పేరు చెప్తే అబ్బయ్య లెక్కకు ఇబ్బంది రాదే?"

నేను రెండు పేర్లూ రాయించాను.

ఇట్లు,
నీ అక్క,
షారన్